నిరుద్యోగ భృతిని నిలిపిన నిరుద్యోగము తగ్గునా?

(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)



పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న మావంటివారిని అర్థశాస్త్ర విషయమును గూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకవర్గమువారు కోరుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని యీ విషయమునకు మొదట శబ్దార్థవిచారము కావలసియున్నది. పిదప తర్కము కావలసియున్నది. ఆ తరువాతనే యంకెలు. మొదటి రెండును మా వృత్తికి సంబంధించినవే. మూడవదానిని పండితుల పరిశోధనలనుండి గ్రహించి మీ సన్నిధిని నివేదించుచున్నాము.

విషయమిది. పని పోయినవానికి ప్రభుత్వము కొంతకాలము భృతి నిచ్చుట యనేక దేశములలో గలదు. ఆ భృతి యందుచున్నంతవఱకు వాడు పని వెదకడనియు, దానిని నిలిపినచో మఱునాడే పనికి బోవుననియు లోకమున నొక గట్టి నమ్మకము కలదు. మన సంఘ సహాయనిధి నుండి కొందఱు యువకులకు నెలనెల నిచ్చుచున్న స్వల్పమొత్తమును గూర్చియు నిట్టిమాటయే పోషకులలో కొందఱు పలుకుచున్నారు. వారు కాఠిన్యముచే నట్లనుట లేదు. తమ కష్టార్జితము సద్వినియోగము కావలెనను కోరికయే వారిచే నట్లనిపించుచున్నది. కాబట్టి యా నమ్మకము నెగతాళి చేయుటయు దగదు. పరీక్షింపక యంగీకరించుటయు దగదు. దానిని పరీక్షించుటకు 2021వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో మున్నెన్నడు నంతగా దొరకని యవకాశ మేర్పడినది. ఆ వృత్తాంతమే నేటి మా ప్రసంగమునకు ముఖ్యాంశము.

శబ్దవిచారము

ఉద్యోగమను శబ్దమునకు సంస్కృతమున పూనిక, ప్రయత్నము అని యర్థము. మహాభారతమునందలి యుద్యోగపర్వమున కాపేరు యుద్ధప్రయత్నమును బట్టి వచ్చినదే కాని, యం దెవ్వరికో కొలువు దొరకుటచే వచ్చినది కాదు. తెలుగున నీ పదము కొలువు, నౌకరి యను నర్థమున స్థిరపడినది. అందుచే నిరుద్యోగి యను మాటకు రెండర్థము లేర్పడినవి. సంస్కృతార్థమున వాడు ప్రయత్నము లేనివాడు, అనగా సోమరి. తెలుగర్థమున వాడు కొలువు లేనివాడు. కొలువు లేనివాడెల్ల ప్రయత్నము లేనివాడని తలచుట యీ రెండర్థములను కలగలుపుటయే. మన వాదములలో సగము ఈ కలగలుపు నుండియే పుట్టుచున్నవి.

ప్రభుత్వపు లెక్కలలో నిరుద్యోగి యనగా నెవ్వడో కూడ తెలిసికొనవలెను. పని లేక, పని చేయగోరి, యిటీవల దానికై వెదకినవాడే యా లెక్కకు వచ్చును. వెదకి వెదకి విసిగి యింట కూర్చుండినవాడు లెక్క నుండి తొలగిపోవును. కావున నిరుద్యోగుల సంఖ్య రెండు విధముల తగ్గును: వారికి పనులు దొరకుటచే నొకటి, వారు వెదకుట మానుటచే రెండవది. మొదటిది క్షేమము, రెండవది నిరాశ. కాగితముమీద మాత్రము రెండు నొక్కతీరుననే కన్పట్టును. భృతి పొందువాడు పని వెదకుచున్నానని నిరూపింపవలెనను నిబంధన సాధారణముగా నుండును గనుక, భృతి నిలిచినపుడు కొందఱు వెదకుటయు మానుటకు వీలున్నది. ఈ భేదమును మనస్సునందుంచుకొని ముందునకు సాగుదము.

పూర్వచరిత్ర

ఈ వివాదము క్రొత్తది కాదు. ఇంగ్లండునందు 1834లో చేయబడిన దరిద్రపోషణ శాసనమునకు మూలసూత్ర మేమనగా, సహాయము పొందువాని స్థితి స్వకష్టముచే బ్రదుకు కడపటి కూలివాని స్థితికంటెను హీనముగా నుండవలెనని. అట్లు లేనిచో నెవ్వడును పని చేయడని యానాటి పెద్దల భయము. 1911లో ఆ దేశముననే నిరుద్యోగ భీమా శాసనము వచ్చెను. గృహనిర్మాణము, నౌకానిర్మాణము, యంత్రనిర్మాణము మొదలగు కొన్ని వృత్తులవారికి వారమునకు 7 షిల్లింగుల చొప్పున, సంవత్సరమున 15 వారములకు మించకుండ భృతి నేర్పఱచిరి. పనివాడును, యజమానుడును, ప్రభుత్వమును తలకొక భాగము చెల్లించుటచే నది బిచ్చము గాక భీమా యయ్యెను.

ఆర్థికమాంద్య కాలమున 1931లో ఆ భృతిని నూటికి 10 వంతున తగ్గించిరి. ఆ తగ్గింపును గూర్చిన తగవుచేతనే యప్పటి లేబరు మంత్రివర్గము పడిపోయెను. తగ్గించిన పిదప నిరుద్యోగులు తగ్గలేదు. 1933 జనవరి నాటికి వారి సంఖ్య సుమారు 30 లక్షలకు చేరెను. 1934లో తగ్గించినదానిని మరల కలిపిరి. భృతిని తగ్గించుటచేతనే నిరుద్యోగము పెరిగినదని మే మనుట లేదు. ప్రపంచమంతటను వర్తకము మూలబడిన కాలమది. పనులే లేనపుడు భృతిని కోసినంతమాత్రమున పనులు మొలవవని మాత్రమే దీనివలన దెలియుచున్నది.

అమెరికాయందు 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు సంతకము చేసిన సాంఘిక భద్రతా శాసనముచే నిరుద్యోగ భీమా దేశమంతట వ్యాపించెను. దానిని నడపునవి రాష్ట్రములు. పని పోయినవానికి వెనుకటి జీతములో సుమారు సగము, పెక్కు రాష్ట్రములలో 26 వారములవఱకు నిచ్చుట యాచారము. కష్టకాలములలో కేంద్రప్రభుత్వము దీనికి తోడుగా నదనపు వారములనో, అదనపు ధనమునో కల్పించుచు వచ్చినది. మాంద్యము తీరిన పిదప దాని నెప్పుడు నిలుపవలెనను ప్రశ్న ప్రతిసారియు తగవులకు దారితీయుచున్నది.

2013లో నిట్లే జరిగెను. ఉత్తర కరోలినా రాష్ట్రము ఆ సంవత్సరము జూలై 1 నుండి వారమునకు గరిష్ఠభృతిని 535 డాలర్ల నుండి 350 డాలర్లకు తగ్గించి, కేంద్రము నిచ్చు నదనపు వారములనుగూడ కోల్పోయెను. ఆ సంవత్సరాంతమున దేశమంతటను నా యదనపు వారములు నిలిచిపోగా సుమారు 13 లక్షలమందికి ఒక్కసారిగా భృతి యాగెను. దాని ఫలితముగా 2014లో 18 లక్షలమంది పనులలో చేరిరని కొందఱు పండితులు లెక్కగట్టిరి. వేఱు లెక్కలను వేఱు పద్ధతులను గ్రహించిన మఱికొందఱు, దాని ప్రభావము లేనంత స్వల్పమని తేల్చిరి. ఒకే సంఘటనమునుండి యింత భిన్నములగు సిద్ధాంతములు వెలువడుటచే వివాదము తెగక నిలిచెను.

మహామారి కాలపు భృతి

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. కోవిడ్ మహామారి వ్యాపించిన 2020 ఏప్రిలు నెలలో అమెరికాయందు రెండుకోట్లకు పైగా కొలువులు పోయినవి. ఫిబ్రవరిలో నూటికి 3.5గా నున్న నిరుద్యోగము ఏప్రిలులో నూటికి 14.8కి ఎగసెను. మార్చి 27న చేయబడిన కేర్స్ శాసనముచే కేంద్రప్రభుత్వము మూడు పనులు చేసెను. భృతి పొందు ప్రతివానికిని వారమునకు 600 డాలర్లు అదనముగా జేర్చెను. మామూలు భీమాలోనికి రాని స్వంతవృత్తులవారికి, బాడుగకార్లు నడుపువారివంటి చిల్లరపనులవారికి గూడ భృతి నేర్పఱచెను. గడువు తీరినవారికి మఱికొన్ని వారములు పొడిగించెను.

ప్రతివానికిని వాని వాని జీతమును బట్టి లెక్కించి యీయక, అందఱికి నొకే 600 డాలర్లు ఏల యిచ్చిరనిన, రాష్ట్రముల గణనయంత్రములు మిక్కిలి పాతబడినవగుటచే వేర్వేఱు లెక్కలు కట్టుటకు వానికి శక్తి లేకపోయెను. దీనివలన నొక వింత కలిగినది. భృతి పొందినవారిలో మూడింట రెండువంతులకు పైగా తమ పూర్వపు జీతముకంటె నెక్కుడు ధనమును పొందిరి. చిన్న హోటళ్లు, దుకాణములు నడుపువారు "మా కొలువునకంటె ఇంట కూర్చుండుటయే లాభమైనపుడు మాకడకు నెవ్వరు వత్తురు?" అని వాపోయిరి. ఈ మొఱ నిరాధారము కాదు. పూర్వపక్షమునకు బలమిచ్చు నంశమిది. దీనిని దాచుట న్యాయము కాదు.

అయినను జరిగినదేమి? ఆ 600 డాలర్లు చెల్లుచున్న కాలముననే, ఏప్రిలు నుండి జూలై నాటికి నిరుద్యోగము 14.8 నుండి 10.2కు దిగెను. తాత్కాలికముగా మాన్పింపబడినవారిని యజమానులు మరల పిలువగా, వారు పోయి పనులలో చేరిరి. జూలై తుదకు నా 600 నిలిచిపోయెను. 2020 డిసెంబరు తుది శాసనముచే వారమునకు 300 డాలర్ల చొప్పున నదనపు భృతి మరల మొదలయ్యెను. 2021 మార్చి 11 నాటి శాసనము దానిని సెప్టెంబరు 6 వఱకు పొడిగించెను.

రెండు గుంపుల రాష్ట్రములు

2021 వసంతకాలమున టీకాలు వ్యాపించి, అంగడులు తెఱవబడినవి. దేశమున 90 లక్షలకు పైగా కొలువులు ఖాళీగా నున్నట్లు లెక్కలు చెప్పుచుండెను. అయినను ఏప్రిలు నెలలో చేరిన క్రొత్త కొలువులు 2,66,000 మాత్రమే యని మే నెలలో ప్రకటింపబడెను. పదిలక్షల వఱకు నెదురుచూచినవారికి ఆశాభంగమయ్యెను. మే 4న మోంటానా రాష్ట్రపు గవర్నరు, తమ రాష్ట్రమున నదనపు భృతిని గడువునకు ముందే నిలుపుదుమని ప్రకటించెను. వరుసగా మఱికొన్ని రాష్ట్రములు ఆ మార్గమునే త్రొక్కగా, నట్లు ప్రకటించిన రాష్ట్రముల సంఖ్య 26కు చేరెను. ఒక్క లూసియానా తప్ప తక్కినవన్నియు రిపబ్లికను పక్షపు గవర్నరుల పాలనలోనివే. అలాస్కా, అయోవా, మిసిసిపి, మిస్సౌరీ రాష్ట్రములు జూన్ 12 నాటికే నిలిపినవి. కొన్ని రాష్ట్రములు 300 డాలర్లను మాత్రమే నిలిపినవి. పెక్కు రాష్ట్రములు స్వంతవృత్తులవారి భృతిని, పొడిగించిన వారములను గూడ నిలిపినవి. మేరీలాండులో న్యాయస్థానపు టాజ్ఞచే భృతి కొనసాగెను. తక్కిన రాష్ట్రములు సెప్టెంబరు 6 వఱకు నిచ్చుచునే యుండినవి.

తర్కము చదివినవారి కీ యేర్పాటులోని విలువ వెంటనే బోధపడును. ఒక దానికి మఱియొకటి కారణమని చెప్పవలెనన్న, అది యున్నచోట నిది యుండుట యను నన్వయమును, అది లేనిచోట నిది లేకుండుట యను వ్యతిరేకమును రెండును జూపవలెను. ఒక రాష్ట్రమున భృతి నిలిపిన పిదప నిరుద్యోగము తగ్గెనని చెప్పిన చాలదు. నిలుపని రాష్ట్రమునను నది యట్లే తగ్గియుండవచ్చును. కాకి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు నొక్కసారి జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చినదనరాదు. ఇచ్చట నొకే దేశము, ఒకే కాలము, ఒకే శాసనము. నిలిపినవారు కొందఱు, నిలుపనివారు కొందఱు. రెండు గుంపులలోను కలిగిన మార్పును కొలిచి, యొకదానినుండి మఱియొకదానిని తీసివేసినచో మిగిలిన భేదమే భృతి నిలుపుటవలన గలిగిన ఫలము.

ఎనిమిదిలో నొకడు

అట్లు కొలిచినవారిలో అరింద్రజిత్ దూబే, సురేష్ నాయుడు మొదలగు నార్గురు పండితులు కలరు. ఏప్రిలు తుదకు భృతి పొందుచున్న 18,648 మంది యల్పాదాయపు పనివారి బ్యాంకు లెక్కలను వారు పరిశీలించిరి. ఆగస్టు మొదటి వారము నాటికి వారు కనుగొన్న దేమనగా: నిలిపిన రాష్ట్రములలో, నిలుపని రాష్ట్రములతో పోల్చిన, భృతి పొందువారు నూటికి 35 మంది తగ్గిరి, పనిలో నున్నవారు నూటికి 4.4 మంది పెరిగిరి.

ఈ రెండంకెలను చేరువగా నుంచి చూడుడు. భృతి పోయినవారు 35. అందుచే పని సంపాదించినవారు నాలుగు, నాలుగున్నర. అనగా నెనిమిదిమందికి భృతిని నిలిపినచో, ఆ నిలుపుటవలన పనిలో చేరినవా డొక్కడు. తక్కిన యేడుగురికి భృతియు లేదు, అప్పటికి పనియు లేదు.

ధనపు లెక్క యింకను కఠినమైనది. నిలిపిన రాష్ట్రములలో నీ పనివారికి సగటున వారమునకు 278 డాలర్ల భృతి తగ్గెను. వారి సంపాదనము 14 డాలర్లు పెరిగెను. వారి ఖర్చు 145 డాలర్లు తగ్గెను. పోయిన ప్రతి డాలరునకును తిరిగి వచ్చినది 5 సెంట్లు. ఈ భృతి రాష్ట్రముల బొక్కసమునుండి వచ్చినది గాక కేంద్రమునుండి వచ్చినది. కావున దానిని నిలుపుటచే రాష్ట్రమునకు మిగిలినదేమియు లేదు. ఆ 145 డాలర్లును ఆ యూరి కిరాణాదుకాణములలో, మందులషాపులలో, ఇంటి యజమానులకడ ఖర్చు కావలసిన ధనము. పనివారు దొరకలేదని మొఱపెట్టిన దుకాణదారునకే, కొనువారును తగ్గిరి.

పూర్వపక్షమువారి కొలతను గూడ విన్నవింపవలెను. హోల్జరు, హబ్బర్డు, స్ట్రెయిన్ అను మువ్వురు పండితులు ప్రభుత్వపు జనసంఖ్యా పరిశీలనములను గ్రహించి, నిలిపిన రాష్ట్రములలో 25 మొదలు 54 ఏండ్ల వయస్సుగల నిరుద్యోగులు పనులలో చేరు వేగము మూడింట రెండువంతులు పెరిగెనని తేల్చిరి. అన్ని రాష్ట్రములును జూన్ నెలలోనే నిలిపియున్నచో జూలై, ఆగస్టు నెలలలో దేశపు నిరుద్యోగము నూటికి 0.3 తక్కువగా నుండెడిదనియు వ్రాసిరి.

ఈ రెండు పక్షములకును పైకి కన్పట్టునంత విరోధము లేదు. మాటవరుసకు నూఱుగురిలో నెలకు 12 మందికి పని దొరకుచుండగా, నది 20 మందికి పెరిగెననుకొనుడు. పెరుగుదల మూడింట రెండువంతులు. అయినను పెరిగినవా రెనమండుగురే. తక్కిన 80 మంది యట్లే యున్నారు. ఆ కాలపు నిరుద్యోగము నూటికి 5కు పైబడి యుండగా 0.3 తగ్గుట స్వల్పము, కాని లేకపోలేదు. భృతి నిలుపుట కొందఱిని పనికి ద్రోలునన్నది సత్యము. అందఱిని, పెక్కుమందిని ద్రోలునన్నది యసత్యము. ఇరుపక్షముల కొలతలనుండియు మేము గ్రహించిన సిద్ధాంత మిదియే.

దేశమంతటి లెక్కయు దీనికి విరుద్ధముగా లేదు. అప్పుడు ప్రకటింపబడినట్లు 2021 జూన్ నెలలో 5.9గా నున్న నిరుద్యోగము ఆగస్టునకు 5.2కు దిగెను; భృతి యంతటను నిలిచిన పిదప డిసెంబరునకు 3.9కి దిగెను. నిలుపక మునుపును దిగినది. నిలిపిన పిదపను దిగినది. దానిని ముఖ్యముగా దింపినది వ్యాపారముల పునరుజ్జీవనమే.

ఉపాధి విచారము

మఱి తక్కిన యేడుగురు పనికి ఏల పోలేదు? ఇచ్చట మరల తర్కశాస్త్రమును స్మరింపవలసియున్నది. నేటి పత్రికాభాషలో ఉపాధి యనగా జీవనోపాధి, పని. తర్కమున ఉపాధి యనగా, మనము గమనింపక విడిచిన నియమము. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని యొకడన్నచో తార్కికుడు కాదనును. తడికట్టెల సంబంధ మున్నపుడే పొగ వచ్చును. ఆ తడికట్టెయే ఉపాధి. అట్లే భృతి నిలిచినచోటనెల్ల పనిలో చేరుదురను వ్యాప్తికి గూడ ఉపాధులు కలవు. అర్హమగు పని యందుబాటులో నుండవలెను. ఇంటి పసిపిల్లలను చూచుకొను దిక్కుండవలెను. 2021 వేసవిలో అమెరికాయందు పెక్కు శిశుసంరక్షణశాలలు పూర్తిగా తెఱవబడలేదు. ఒడలు నిలుకడగా నుండవలెను. ఆ వేసవిలోనే డెల్టా యను క్రొత్తరకపు కోవిడ్ విజృంభించెను. పోయి చేరుటకు దారిఖర్చు లుండవలెను. ఈ నియమములు కుదిరినవానిని భృతి నిలుపుట త్వరపెట్టును. కుదరనివానిని కేవలము పస్తు పెట్టును.

దండన మొక్కటియే మార్గము కాదని చెప్పుటకు మోంటానాయే యొక నిదర్శనము. మొట్టమొదట భృతి నిలిపిన యా రాష్ట్రమే, పనిలో చేరి నాలుగు వారములు పూర్తిచేసినవారికి 1200 డాలర్లు బహుమానముగా నిత్తుమనియు ప్రకటించెను. పనిలో చేరినవానికి సాయము పోవుననుటకు బదులు, చేరినవానికి సాయము వచ్చుననుట యిది.

మనవారి సంగతి

అమెరికా వృత్తాంతము మనకేల యని యెవ్వరైన నడుగవచ్చును. ఈ సభలోనివారి బిడ్డలు, మనుమలు పెక్కురు అచ్చట నున్నారు. హెచ్-1బి అనుమతిపై పనిచేయువారికి కొలువు పోయినచో, 2017 నుండి యమలునకు వచ్చిన నిబంధన ననుసరించి, మఱియొక కొలువు చూచుకొనుటకో, దేశము విడుచుటకో 60 దినములకు మించని గడువు గలదు. ఏ యజమానుని క్రిందనైనను పనిచేయుటకు సిద్ధముగా నున్నవానికే నిరుద్యోగ భృతి యను నియమముచే, వీరికి సాధారణముగా నా భృతి లభింపదు. 2022, 2023 సంవత్సరములలో గొప్ప గొప్ప సాంకేతిక సంస్థలు వేలకొలది యుద్యోగులను తొలగించినపుడు మన తెలుగు కుటుంబములు పెక్కు ఈ 60 దినముల భయము ననుభవించినవి. భృతి లేనందున వారు త్వరపడి వెదకిరనుట నిజమే. ఆ త్వరలో తమ విద్యకు దగని పనికైనను ఒప్పుకొనక తప్పనివా రుందురనుటయు నిజమే. కొలువు పోయిన మన బిడ్డను సోమరి యని మన మెన్నడు ననుకొనము. పొరుగువాని బిడ్డ విషయమున నా తీర్పు మాఱరాదు.

మన దేశపు స్థితి వేఱు. అమెరికా భృతి, పనిచేయుచుండి పని పోయినవానికి. మనకడ నిరుద్యోగులమనువారిలో ననేకులు చదువు ముగించి మొదటి పనికై యెదురుచూచు యువకులు. ఆంధ్రప్రదేశమున 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తమను పేర నెలకు 1,000 రూపాయల భృతి ప్రారంభమై, 2019లో ప్రభుత్వము మాఱిన పిదప నిలిచిపోయెను. అది పట్టభద్రులను, డిప్లొమా గలవారిని ఉద్దేశించినది. పల్లెవాసులకు 2005 నాటి గ్రామీణోపాధి హామీ శాసనము మఱియొక మార్గము జూపెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రారంభింపబడిన యా పథకమున, ముందు పని చూపుటయే ప్రభుత్వ ధర్మము; అడిగిన 15 దినములలో పని చూపలేనిచో నిరుద్యోగ భృతి నీయవలెనని నియమము. భృతి యనునది పని చూపలేనివాడు చెల్లింపవలసిన ఋణమని యా శాసనకర్తల భావము. భృ ధాతువునకు ధరించుట, పోషించుట యని యర్థములు. మోయవలసినవాడు మోయుటయే భృతి.

సహాయనిధి విషయము

ఇప్పుడు మన నిధి సంగతి. నెలనెల నిచ్చు సాయమును నిలుపవలెనను పోషకుల యభిప్రాయమునకు మే మీ కొలతలనుబట్టి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది. నిలుపుటచే కొందఱు త్వరపడుదురను పోషకుల మాట కొంత నిజమే. కాని యెనిమిదిలో నొకనికై యేడుగురిని శిక్షింపక, ఆ యొక్కని నెఱిగి విచారించుట మనవంటి చిన్న సంఘమునకు సాధ్యము. కోట్లమంది పేరులుగల ప్రభుత్వమునకు నది కష్టము. తమ యూరి పిల్లల నెఱిగిన మనకు కష్టము కాదు.

రెండవది. సాయము నొక్కనాట తెగగోయరాదు. పనిలో చేరినవానికి మొదటి జీతము చేతికి వచ్చువఱకు, క్రొత్తయూర నిలదొక్కుకొనువఱకు, రెండు మూడు నెలలు కొనసాగించి క్రమముగా తగ్గింపవలెను. అట్లయినచో పనిలో చేరుటచే సాయము పోవునను భయ ముండదు.

మూడవది. నిధిలో కొంతభాగమును పరీక్షల రుసుములకు, ముఖాముఖి పరీక్షలకు పోవు దారిఖర్చులకు, యంత్రవిద్య నేర్చుటకు కేటాయింపవలెను. తడికట్టె లేనిదే పొగ రాదన్నాము; ఆ నియమములను కుదుర్చుట మన వంతు.

నాలుగవది. పోషకులలో వర్తకులు, కర్మాగారముల యజమానులు, గుత్తేదారులు కలరు. సాయమును నిలుపుడని చెప్పువారు, తమ సంస్థలలో నీ సంవత్సరము ఖాళీయగు పనుల పట్టికను కార్యదర్శిగారికి పంపుడని ప్రార్థించుచున్నాము. ఆ పట్టికనుండి తగిన పని చూపినను నిష్కారణముగా నిరాకరించిన యువకునకు సాయము నిలుపుటకు మేమే మొదట చేయెత్తెదము. పని చూపక సాయము నిలుపుటకు మాత్రము మా సమ్మతి లేదు.

కులబాంధవులారా! సంస్కృతార్థమున నిరుద్యోగి, అనగా ప్రయత్నము లేనివాడు, ప్రతి సమాజమున కొలదిమంది కలడు. కొలువు గలవారిలోను కలడు. తెలుగర్థమున నిరుద్యోగి యగుట యెవ్వని కెప్పుడు తటస్థించునో చెప్పలేము. 2020 ఏప్రిలున నొక్క నెలలో రెండుకోట్లమంది యట్లయిరి. వారందఱు నొక్కసారి సోమరులైరని యెవ్వరును నమ్మరు. ఈ రెండర్థములను వేఱుచేసి చూచి, రేపటి కార్యవర్గ సమావేశమున నిధిని గూర్చిన తీర్మానమును నిదానించి చేయుదురని కోరుచున్నాము.

స్వస్తి.